రంగు చూసి నమ్మొద్దు: పాత ట్రాక్టర్ల స్టాక్ క్లాసులో ఇంజిన్ చెకింగ్ చేసే సర్వీసు మీద నా రివ్యూ

ఇల్లినాయ్‌లో మేముండే వైపు కౌంటీ ఫెయిర్లలో పాత ట్రాక్టర్ల పుల్లింగ్ పోటీలు జరుగుతుంటాయి. అడిగిన క్లబ్బులకి అక్కడికే వచ్చి ఇంజిన్లు చెక్ చేసి పెట్టే ఒకాయన సర్వీసు గురించి ఈ రివ్యూ. రిటైరైన మెకానిక్. తన వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టడం ఆయనకి ఇష్టం లేదు కాబట్టి పేరు, నంబరు రాయడం లేదు. అయినా రాస్తున్నానంటే కారణం ఉంది. బ్లూమింగ్టన్, పియోరియా, మొలీన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, వాళ్ళలో కొందరికి ఈ పాత ట్రాక్టర్ల పిచ్చి పట్టుకుంది, "అన్నా, ఒక పాత ఫార్మాల్ దొరికింది, స్టాక్ అంటున్నాడు, కొనొచ్చా" అని ఫొటోలు పంపిస్తుంటారు. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. ఎలా చూస్తే తెలుస్తుందో ఈయన పని దగ్గర నిలబడి చూసినప్పుడు నాకు బాగా అర్థమైంది.

ముందు తెలియనివాళ్ళ కోసం. ట్రాక్టర్ వెనక ఒక స్లెడ్ కడతారు, దాని మీద బరువుల పెట్టె ఉంటుంది, ట్రాక్టర్ ముందుకి పోయేకొద్దీ ఆ పెట్టె కూడా స్లెడ్ మీద ముందుకి జరుగుతూ వస్తుంది, ఆ బరువంతా ముందున్న ఇనప పలక మీద పడి నేలకి అదిమేస్తుంది. మొదట్లో తేలిగ్గా కదిలిన బండి చివరికి వచ్చేసరికి చక్రాలు తవ్వుకుంటూ ఆగిపోతుంది. సాధారణంగా 300 అడుగులు లాగితే ఫుల్ పుల్. బరువుని బట్టి క్లాసులు, అందులో మళ్ళీ స్టాక్ క్లాసు అంటే ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ఎంత మార్పు దాకా ఒప్పుకుంటారన్నది ఒక్కో క్లబ్బుకి ఒక్కో లెక్క. కానీ వేరే మోడల్ ఇంజిన్ తెచ్చి పెట్టుకుని స్టాక్‌లో దిగకూడదన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే. మన ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని విభాగాలు పెట్టి, గిత్త నోరు తెరిచి పళ్ళు చూసి గానీ బరిలోకి వదలరు కదా, ఎందుకంటే ఒంటి నిగారింపు చూసి వయసు చెప్పలేం. ట్రాక్టర్‌కీ అంతే, నోరు తెరిపించాలి. ఈయన చేసే పని అదే.

ఇక అసలు విషయం. ఇక్కడ ఎక్కువగా గొడవ వచ్చేది ఫార్మాల్ ఎం మీద. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1939 నుంచి 1952 దాకా ఇల్లినాయ్‌లోనే, రాక్ ఐలాండ్ ఫ్యాక్టరీలో, రెండున్నర లక్షలకి పైగా తయారుచేసిన బండి. దాంట్లో ఇంజిన్ సి-248, అంటే 248 క్యూబిక్ అంగుళాలు. తర్వాత వచ్చిన సూపర్ ఎం, ఆ తర్వాతి 400 మోడల్‌లో సి-264. 1956లో వచ్చిన 450 మోడల్‌లో సి-281. ఈ మూడు ఇంజిన్లూ ఒకే కుటుంబం, నాలుగు సిలిండర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) మూడింటికీ ఐదుంపావు అంగుళాలే. తేడా బోర్‌లోనే (సిలిండర్ లోపలి వెడల్పు): ఎంకి 3 7/8 అంగుళాలు, సూపర్ ఎంకి 4, 450కి 4 1/8. అంటే పావు అంగుళం తేడాతో మొత్తం కథ మారిపోతుంది. ఎం బెల్టు పుల్లీ మీద కొలిస్తే 40 గుర్రాల (హార్స్‌పవర్) లోపే ఇచ్చేది, సూపర్ ఎం 45 దాటింది, 450 పెట్రోల్ బండి 55 దగ్గరికి వెళ్ళింది. ఒకే బరువు క్లాసులో, ఒకే ఎర్ర రంగుతో, పక్కపక్కన నిలబడితే బయటినుంచి ఏది ఏదో మామూలు మనిషికి తెలియదు.

తేడా బోర్‌లోనే ఉంది కాబట్టి మోసం చేయాలనుకునేవాడికి (లేదా యాభై ఏళ్ళ కిందట దున్నకానికి కాస్త బలం కావాలనుకున్న రైతుకి) ఇంజిన్ మొత్తం మార్చాల్సిన పని కూడా లేదు. పెద్ద స్లీవులు (సిలిండర్ లోపల తొడిగే గొట్టాలు), పెద్ద పిస్టన్లు ఉన్న కిట్ తెచ్చి ఎం బ్లాకులోనే వేసేస్తే సరిపోతుంది. ఆ రోజుల్లో ఎం అండ్ డబ్ల్యూ లాంటి కంపెనీలు ఇలాంటి పిస్టన్లు బహిరంగంగా అమ్మేవి, రైతులు కొనేవారు, అందులో తప్పేమీ లేదు. అందుకే ఆ కాలం బండ్లలో చాలావాటికి లోపలి భాగాలు మారిపోయి ఉంటే ఆశ్చర్యపోకండి, మీరు కొంటున్న బండి యజమానికి కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు.

చెకింగ్ ఎలా చేస్తాడంటే, మొదట నంబర్లు. ఫార్మాల్ ఎం ట్రాక్టర్ సీరియల్ ఎఫ్‌బీకే అక్షరాలతో మొదలవుతుంది, ఫార్మాల్ హెచ్ మోడల్ అయితే ఎఫ్‌బీహెచ్. అది ట్రాక్టర్ సంగతి, ఇంజిన్ గురించి ఏమీ చెప్పదు. ఇంజిన్‌కి వేరే నంబరు ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది బ్లాకు మీద పోతపోసినప్పుడే వచ్చే కాస్టింగ్ నంబరు, దాని దగ్గరే తేదీ కోడ్: నెల, రోజు, ఆ తర్వాత సంవత్సరానికి ఒక అక్షరం. ఈయన వైరు బ్రష్‌తో రుద్ది, టార్చి పక్కనుంచి వేసి చదువుతాడు. ట్రాక్టర్ తయారైన తేదీ కన్నా బ్లాకు పోసిన తేదీ తర్వాతిది అయితే ఆ బ్లాకు ఆ బండిది కాదు, అంతే, వాదన అక్కర్లేదు. కొన్ని వారాలో నెలలో ముందుదైతే మామూలే, పోతపోసిన తర్వాతే కదా బిగించేది. హెడ్ మీద, మానిఫోల్డ్ మీద కూడా కోడ్లు ఉంటాయి, అవన్నీ ఒకే కాలానివా కాదా అని చూస్తాడు. కార్బ్యురేటర్ చూస్తాడు, ఎం మీద ఉండాల్సింది ఈ-12. నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ గీతలు ఉన్నా, ఇంజిన్‌కి అక్కడొక్కచోటే మందంగా కొత్త రంగు ఉన్నా ఏమీ అనడు, కాగితం మీద ఒక గుర్తు పెట్టుకుంటాడంతే.

చాలా చోట్ల తనిఖీ ఇక్కడితో అయిపోతుంది. నేను చూసిన ఒక ఫెయిర్‌లో అయితే ఇంత కూడా లేదు, హుడ్ మీద స్టిక్కరు చూసి, ప్రమాదం వస్తే ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ లాగి చూసి, తూకం వేసి పంపించేశారు. భద్రత చెక్ ముఖ్యమే, కాదనను, కానీ స్టాక్ క్లాసు అని పేరు పెట్టి ఫీజు తీసుకున్నాక లోపల ఏముందో చూడకపోతే నిజంగా స్టాక్ బండి తెచ్చినవాడికి అన్యాయం చేసినట్టే. ఎందుకంటే పైన చెప్పిన పెద్ద స్లీవుల కిట్ వేసిన ఎం ఉందనుకోండి, దాని ట్రాక్టర్ సీరియల్ సరైనదే, ఇంజిన్ నంబరు సరైనదే, బ్లాకు కాస్టింగ్, తేదీ అన్నీ సరైనవే. కాగితాల మీద పరమ పవిత్రం. లోపల మాత్రం 281.

అందుకే ఈయన సర్వీసుకి డబ్బు పెట్టొచ్చు అంటున్నాను. ఈయన కొలుస్తాడు. ఒక సిలిండర్ స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రానికి ఒక గొట్టం బిగించి, అవతలి కొసన పారదర్శకంగా ఉండే కొలత గొట్టం, అంటే గేజ్, పెడతాడు. ఆ సిలిండర్ రాకర్ ఆర్మ్‌లు వదులు చేసి రెండు వాల్వులూ మూసే ఉంచుతాడు, ఇగ్నిషన్ కట్ చేసి స్టార్టర్‌తో ఇంజిన్‌ని తిప్పుతాడు. వాల్వులు మూసి ఉన్నాయి కాబట్టి పిస్టన్ పైకొచ్చినప్పుడు ఆ గాలి గేజ్‌లోకి పోతుంది, కిందికెళ్ళినప్పుడు వెనక్కొస్తుంది, లోపలి బిళ్ళ పైకీ కిందికీ ఆడుతుంది. ఎంత ఆడిందో అదే ఆ సిలిండర్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే పిస్టన్ ఒకసారి కదిలితే తోసే గాలి పరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో. దాన్ని నాలుగుతో గుణిస్తే అయిపోయింది. లెక్క మీరే వేసుకోవచ్చు: బోర్‌ని బోర్‌తో గుణించి, 0.7854తో గుణించి, స్ట్రోక్‌తో గుణించండి. ఎంకి సిలిండర్‌కి 62 దగ్గర రావాలి, సూపర్ ఎంకి 66, 450కి 70. అరిగిపోయి సిలిండర్లు ఒకసారి బోరింగ్ చేయించిన (లోపల కాస్త తొలిపించిన) ఇంజిన్‌కి కాస్త ఎక్కువ వస్తుంది, అది అందరికీ తెలుసు, క్లబ్బు నిబంధనలో దానికి వెసులుబాటు ఉంటుంది. కానీ 62 రావాల్సిన చోట 70 వస్తే అది అరుగుదల కాదు.

నా కళ్ళ ముందే ఒక ఎంకి సరిగ్గా అలాగే 70 వచ్చింది. ఎంత బాగా చేయించిన బండి అనుకున్నారు, రంగు అద్దంలా మెరుస్తోంది, నంబర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. యజమాని ముఖం మాడిపోయింది, వేలంలో కొన్నాను, స్టాక్ అనే చెప్పారు అన్నాడు, నాకైతే అతను నిజమే చెబుతున్నాడనిపించింది. ఈయన గొంతు పెంచలేదు, నలుగురిలో నిలదీయలేదు, పక్కకి పిలిచి గేజ్ మళ్ళీ ఒకసారి అతని చేతే చదివించి, "ఎవరు మార్చారన్నది నా పని కాదు, లోపల ఏముందో చెప్పడమే నా పని" అని కాగితం చేతికిచ్చాడు. అతను పై క్లాసులో పేరు మార్పించుకుని అక్కడే లాగాడు, ఇంటికి పోలేదు. ఈ మర్యాద నాకు చాలా నచ్చింది. మోసగాడు అని అరిచి ఉంటే ఆ మనిషి మళ్ళీ పోటీకి వచ్చేవాడు కాదు.

గేజ్ విలువ ఇంకా బాగా తెలిసేది ఆలిస్ చామర్స్ కంపెనీ బండ్ల దగ్గర. వాళ్ళ డబ్ల్యూడీ మోడల్ ఇంజిన్ 201 క్యూబిక్ అంగుళాలు, 1953లో వచ్చిన డబ్ల్యూడీ-45 పెట్రోల్ ఇంజిన్ 226. ఇక్కడ ఫార్మాల్‌కి పూర్తిగా ఉల్టా, బోర్ రెండింటికీ సరిగ్గా 4 అంగుళాలే, స్ట్రోక్ మారింది, నాలుగు నుంచి నాలుగున్నరకి. అంటే పిస్టన్లని పైకీ కిందికీ ఆడించే క్రాంక్‌షాఫ్ట్ మార్చారు. ఇప్పుడు మీరు ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ కెమెరా పెట్టి చూశారనుకోండి, ఎంత చూసినా బోర్ 4 అంగుళాలే కనిపిస్తుంది. హెడ్ విప్పి స్కేలు పెట్టి బోర్ కొలిచినా అంతే. గేజ్ పెడితే సిలిండర్‌కి 50 బదులు 56 పైన చూపిస్తుంది, దొరికిపోతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బోరోస్కోప్ కొనుక్కుని అంతా చూసేశాం అనుకునే కుర్రాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బోరోస్కోప్ దండగ అనడం లేదు, ఈయన కూడా వాడతాడు, పిస్టన్ తల చదునుగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా, గిన్నెలా తవ్వి ఉందా అన్నది దాంట్లో చక్కగా తెలుస్తుంది, కంప్రెషన్ పెంచారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. కొలత మాత్రం దాని పని కాదు.

ఆలివర్ ట్రాక్టర్లలో మళ్ళీ బోర్ కథే: 88 మోడల్ ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ 231, సూపర్ 88 వచ్చేసరికి 265. గేజ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. జాన్ డీర్ రెండు సిలిండర్ల బండ్లకి ఫ్లైవీల్ బయటే ఉంటుంది, చేత్తోనే తిప్పి కొలవొచ్చు, ఈయన కూడా అలాగే నెమ్మదిగా తిప్పి చూస్తాడు. జాన్ డీర్ "ఏ" మోడల్ విషయంలో ఒక జాగ్రత్త: 1940 దాకా వచ్చిన వాటికి 309, ఆ తర్వాత 321, రెండూ ఫ్యాక్టరీవే, కాబట్టి సంవత్సరం చూడకుండా తప్పు అనేయకూడదు. ఈయనకి ఇవన్నీ నోటికొచ్చు, అయినా ప్రతిసారీ నెబ్రాస్కా టెస్ట్ రిపోర్టు ప్రింటు తీసి పక్కన పెట్టుకుంటాడు. నెబ్రాస్కా రాష్ట్రంలో 1919లోనే చట్టం చేశారు, కంపెనీలు చెప్పే గుర్రాల బలం నమ్మకుండా ట్రాక్టర్‌ని యూనివర్సిటీలో పరీక్షించాకే అమ్మనివ్వాలని. 1920 నుంచి జరిగిన ఆ పరీక్షల రిపోర్టులు ఎవరైనా చూసుకోవచ్చు, బోర్, స్ట్రోక్, ఆర్‌పీఎం, బెల్టు బలం అన్నీ ఉంటాయి. పాత ట్రాక్టర్ కొనేముందు ఆ మోడల్ రిపోర్టు ఒక్కసారి చదవండి, అమ్మేవాడు చెప్పే మాటలు ఎక్కడ తేడా కొడుతున్నాయో వెంటనే తెలుస్తుంది.

ఆర్‌పీఎం సంగతి. క్రాంక్ పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి లైట్ టాకోమీటర్‌తో చూస్తాడు. ఎం రేటెడ్ స్పీడు 1450, లోడు లేనప్పుడు కాస్త ఎక్కువే తిరుగుతుంది. చిక్కేమిటంటే ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ సెట్టింగ్ చెకింగ్ అయ్యాక కూడా మార్చుకోవచ్చు. దీనికి ఆయన చెప్పిన ఉపాయం ప్రేక్షకులకి కూడా పనికొస్తుంది: ఎం రెండో గేరులో రేటెడ్ స్పీడు దగ్గర గంటకి మూడున్నర మైళ్ళు పోతుంది, అంటే చక్రం అసలు జారకపోయినా 300 అడుగులకి దాదాపు 58 సెకన్లు పట్టాలి. చక్రం జారుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పట్టాలి. ఎవరైనా రెండో గేరు అని చెప్పి 40 సెకన్లలో ఫుల్ పుల్ కొట్టారంటే గవర్నరో, టైరు సైజో, గేర్లో మారాయి. గేర్లు కూడా మారుస్తారు, ఎం అండ్ డబ్ల్యూ వాళ్ళ తొమ్మిది గేర్ల కిట్ ఉన్న ఎంలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక నచ్చనివి. మొదటిది టైము. రాకర్ కవరు తీయాలి, వదులు చేయాలి, మళ్ళీ వాల్వ్ గ్యాపు సెట్ చేసి బిగించాలి, ఒక్కో బండికి ముప్పావు గంట తేలిగ్గా పడుతుంది. కాబట్టి అన్ని బండ్లూ కొలవడం కుదరదు, క్లాసులో మొదటి రెండు స్థానాలు, ఎవరైనా ఫీజు కట్టి అభ్యంతరం పెడితే ఆ బండి, అంతే. నాలుగో స్థానంలో వచ్చినవాడు పెద్ద ఇంజిన్‌తోనే వచ్చి ఉండొచ్చు, తెలియదు. పోటీకి ముందే చీటీ తీసి ఒకటి రెండు బండ్లు కొలిస్తే భయం ఉంటుందని నా అభిప్రాయం.

రెండోది క్యామ్. వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్ మార్చి బలం పెంచుకున్నవాళ్ళని ఈయన పట్టుకోడు, గేజ్‌కి అది కనపడదు. కానీ రాకర్ కవరు ఎలాగూ తీసే ఉంది కదా, డయల్ ఇండికేటర్ పెట్టి వాల్వ్ ఎంత లేస్తోందో చూడడానికి ఇంకో ఐదు నిమిషాలు చాలు. వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంటోందో అంత తేలిగ్గా తెలియకపోవచ్చు గానీ ఎత్తు అయినా తెలుస్తుంది. ఇది నేరుగా ఆయనకే చెప్పాను, విన్నాడు, చేస్తానని మాత్రం అనలేదు.

మూడోది రిపోర్టు. అర కాగితం మీద చేత్తో రాసిస్తాడు, ఫొటోలు ఉండవు. అభ్యంతరం వచ్చి క్లబ్బు మీటింగులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు గేజ్ రీడింగ్ ఫొటో, కాస్టింగ్ తేదీ ఫొటో ఉంటే ఎంత తేలిక. ఈ కాలంలో జేబులో ఫోను లేనివాళ్ళెవరు.

ఇంకా ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ల విషయంలో ఈ గేజ్ పద్ధతి కుదరదు, వాటికి వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, వదులు చేయడానికి రాకర్లే లేవు. హెడ్ విప్పాల్సిందే, దానికి ఫీజు వేరు. కాకపోతే 8ఎన్‌కి అసలు ఇంజిన్ 120 క్యూబిక్ అంగుళాల చిన్న నాలుగు సిలిండర్లది, దానిమీద పెద్దది పెడితే కంటికే తెలిసిపోతుంది. కాన్సాస్‌లో కాఫీవిల్ అనే ఊళ్ళో ఫంక్ సోదరులు, చిన్న విమానాలు తయారుచేసిన కవలలు, 1950 ప్రాంతంలో ఈ బుల్లి ఫోర్డ్‌లోకి ఆరు సిలిండర్ల ఇంజిను, వీ-8 ఇంజిను పెట్టుకునే కిట్లు అమ్మారు. మధ్యలో అడాప్టర్లు పెట్టి, హుడ్ పైకి లేపి బిగించేవారు. అలాంటి అసలు ఫంక్ బండి ఎక్కడైనా కనిపిస్తే తప్పకుండా ఆగి చూడండి, సేకరించేవాళ్ళు మామూలు 8ఎన్ కన్నా చాలా ఎక్కువ పెట్టి కొంటారు. ఇంజిన్ మార్పిడి మీద నాకు కోపం లేదు, అదొక గొప్ప పనితనం. మార్చానని చెప్పి మాడిఫైడ్ క్లాసులో లాగితే నేనే చప్పట్లు కొడతాను.

డబ్బు విషయానికొస్తే, క్లబ్బు పిలిస్తే రోజుకింత అని తీసుకుంటాడు, కొనేముందు ఒక్క బండి చూసిపెట్టమంటే విడిగా తీసుకుంటాడు, పాత ఎం ధరతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు. నగదు లేదా చెక్కు మాత్రమే, కార్డు లేదు. ఎండాకాలం ఫెయిర్ల సీజన్‌లో దొరకడు, చలికాలంలోనే మాట్లాడిపెట్టుకోవాలి. బండి కొనడానికి పిలిచేట్టయితే అమ్మేవాళ్ళతో ముందే చెప్పండి, ప్లగ్ తీసి రాకర్ కవరు విప్పుతామని. సరే అన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. బ్యాటరీ చార్జి అయి ఉండాలని కూడా చెప్పండి, స్టార్టర్ గట్టిగా తిప్పకపోతే గేజ్ సరిగ్గా చదవడానికి రాదు, ఆయన మళ్ళీ ఇంకోరోజు రావాల్సొస్తుంది, దానికి మళ్ళీ డబ్బు తీసుకుంటాడు.